అటక మీద రెండు డిస్కులు, ఒక చిన్న బోర్డు: ఐదు వోల్టుల డైరీ

విజయవాడ అజిత్‌సింగ్ నగర్‌లో మా ఇంటి అటక మీద ఒక రాస్ప్‌బెర్రీ పై 4 బోర్డు (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటరు), ల్యాప్‌టాప్ సైజు ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కులు రెండు నడుస్తున్నాయి. 2024 సెప్టెంబరు 1న బుడమేరు నీళ్ళు ఇంట్లోకి వచ్చినప్పుడు బీరువా కింది అర తడిసింది. అందులోని ఆల్బమ్‌ల నుంచి విడదీసి, ఫ్యాను కింద ఆరబెట్టి, స్కాన్ చేసిన 1,140 ఫోటోలు ఇప్పుడు ఆ డిస్కుల్లో ఉన్నాయి. నేను పెట్టుకున్న షరతులు రెండు. ఒకే సరుకు రెండు డిస్కుల్లో ఉండాలి. రెండూ నేలకి ఏడడుగుల పైన ఉండాలి.

సాఫ్ట్‌వేర్ ఒక్క సాయంత్రంలో అయిపోయింది. డిస్కులకి సరైన కరెంటు అందించడానికి నాలుగు నెలలు పట్టింది. ఇదే పని చేయబోయేవాళ్ళు నేను తిరిగిన దారంతా తిరగకూడదని, కొలిచిన అంకెలు, పెట్టిన ఖర్చు, తప్పుపోయిన చోట్లు అన్నీ ఇక్కడ పెడుతున్నాను.

ముందే ఇంట్లో ఉన్నవి: బోర్డు, 2 టీబీ డిస్కు (దీన్ని పెద్దది అంటాను), 1 టీబీ డిస్కు (చిన్నది), మల్టీమీటర్, సోల్డరింగ్ ఐరన్. రెండు డిస్కుల లేబుళ్ళ మీదా 5 వోల్టులు, 1 ఆంపియర్ అనే ఉంది.

దశ 1: నేరుగా బోర్డు పోర్టులకి (ఫిబ్రవరి 9 నుంచి 16)

పాత ఫోన్ ఛార్జర్‌తో మొదలుపెట్టాను. దాని మీద 5 వోల్టులు, 2 ఆంపియర్లు అని ఉంది. పెద్ద డిస్కు పెట్టగానే బోర్డు ఒకసారి రీస్టార్ట్ అయింది, రెండోసారి డిస్కు కనిపించి మాయమైంది. బోర్డు మీది 40 పిన్నుల వరుసలో 2వ పిన్ను 5 వోల్టులు, 6వ పిన్ను గ్రౌండు. మీటరు అక్కడే పెట్టాను. పక్క పిన్నుకి ముల్లు జారితే బోర్డు పోతుంది కాబట్టి ఉత్త ముల్లుతో కొలవకండి, చివర పిన్ను దూరే గొట్టం ఉండే ఫిమేల్ జంపర్ వైర్లు తొడిగి వాటికి మీటరు తగిలించండి.

ఫోన్ ఛార్జర్, ఒక మీటరు కేబుల్:
1. డిస్కు లేకుండా 4.86 వోల్టులు
2. డిస్కు తిరగడం మొదలయ్యే క్షణంలో 4.58
3. తిరుగుతూ ఖాళీగా ఉన్నప్పుడు 4.74

4.63 వోల్టుల దగ్గర ఈ బోర్డు వోల్టేజీ తక్కువైందని గుర్తుపెట్టుకుంటుంది. బోర్డు తన స్థితి చెప్పే వీసీజెన్‌కమాండ్ అనే కమాండుతో గెట్-థ్రాటిల్డ్ అడిగితే 50005 వచ్చింది. చివరి 5కి అర్థం ఇప్పుడు, ఈ నిమిషంలో వోల్టేజీ తక్కువగా ఉంది, అందుకే వేగం కూడా తగ్గించుకుంది అని. 50000 వస్తే ఇప్పుడు బాగానే ఉంది కానీ బోర్డు ఆన్ అయ్యాక ఎప్పుడో ఒకసారి పడిందని. వారం తర్వాత చూసుకున్నా ఈ గుర్తు చెరిగిపోదు, అందుకే నాకు ఇది తెర మీద కనిపించే మెరుపు బొమ్మకంటే ఎక్కువ పనికొచ్చింది.

ఛార్జర్ మార్చి, ఈ బోర్డుకే ఉద్దేశించిన 5.1 వోల్టులు, 3 ఆంపియర్ల అడాప్టర్ పెట్టాను. దీనికి కేబుల్ అతికే వస్తుంది, లావుగా ఉంటుంది. అంకెలు 5.09, 4.98, 5.04 అయ్యాయి. గెట్-థ్రాటిల్డ్ సున్నా. పెద్ద డిస్కు ఒక్కటే అయితే వారం రోజులు ఏ గొడవా లేకుండా తిరిగింది.

ఇప్పటిదాకా ఖర్చు: అడాప్టర్ 750. మొత్తం 750 రూపాయలు.

ఫిబ్రవరి 16న రెండోది కూడా తగిలించాను. చిన్న డిస్కు "టిక్... టిక్..." మని ఆగింది. దాంతోపాటు పెద్దది కూడా పడిపోయింది, కీబోర్డు కూడా పోయింది. వంటింట్లోంచి అమ్మ, "ఒరే, ఆ పెట్టెలో బల్లి ఏమన్నా దూరిందేమో చూడు, టిక్కుటిక్కుమంటోంది" అంది. బల్లి కాదు. తిరగడానికి సరిపడా కరెంటు అందక, డిస్కు లోపలి ముల్లు మళ్ళీ మళ్ళీ ప్రయత్నించి వెనక్కి వెళ్ళే చప్పుడు అది. ఆ చప్పుడు వింటే వెంటనే వైరు పీకేయండి, ఒక్కసారి కూడా ఎక్కువ విననివ్వకండి.

ఒక యూఎస్‌బీ మీటరు కొన్నాను. వైరుకీ పోర్టుకీ మధ్య పెడితే వోల్టులు, ఆంపియర్లు చూపిస్తుంది.

1. పెద్దది: మొదలయ్యేటప్పుడు 0.93 ఆంపియర్లు, ఖాళీగా 0.28, రాసేటప్పుడు 0.52
2. చిన్నది: మొదలయ్యేటప్పుడు 0.88, ఖాళీగా 0.25, రాసేటప్పుడు 0.48

ఈ బోర్డులో నాలుగు యూఎస్‌బీ పోర్టులకీ కలిపి ఇచ్చేది 1.2 ఆంపియర్లు. పోర్టుకి 1.2 కాదు, అన్నిటికీ కలిపి. పెద్దది రాస్తుండగా చిన్నది మొదలైతే 0.52కి 0.88 కలిపి 1.40. హద్దు దాటగానే పోర్టుల కరెంటు మొత్తం ఆగిపోతుంది. అడాప్టర్ ఎంత పెద్దదైనా ఈ హద్దు మారదు. నేను రెండు రోజులు ఇంకా పెద్ద అడాప్టర్ కోసం వెతికాను, ఆ రెండు రోజులూ దండగ. (పై 5 బోర్డు ఉన్నవాళ్ళకి లెక్క వేరు: 5 ఆంపియర్ల అడాప్టర్‌తో పోర్టులన్నిటికీ కలిపి 1.6, మామూలు 3 ఆంపియర్ల అడాప్టర్‌తో 0.6 మాత్రమే. అంటే ఆ బోర్డుని 3 ఆంపియర్లతో నడిపితే నా దానికంటే ముందే ఆగిపోతుంది.)

ఖర్చు: యూఎస్‌బీ మీటరు 420. మొత్తం 1,170.

దశ 2: రెండు తలల కేబుల్ (ఫిబ్రవరి 22)

ఒకవైపు డిస్కుకి, రెండోవైపు రెండు ప్లగ్గులు ఉండే కేబుల్ దొరుకుతుంది. ఒక ప్లగ్గు డేటాకి, ఎర్రది అదనపు కరెంటుకి. గవర్నర్‌పేటలో 230 పెట్టి కొన్నాను.

రెండు ప్లగ్గులూ అదే బోర్డుకి పెడితే ఒక్క మిల్లీఆంపియర్ కూడా కలిసిరాదు, 1.2 హద్దు అందరిదీ ఒక్కటే కదా. కొనేముందు ఆ లెక్క వేసుకుని ఉండాల్సింది.

ఎర్రదాన్ని ఫోన్ ఛార్జర్‌కి పెట్టి చూశాను. రెండు డిస్కులూ తిరిగాయి. సంతోషించేలోపే ఒకటి గమనించాను: బోర్డు అడాప్టర్ స్విచ్ ఆపినా బోర్డు మీది ఎర్రలైటు వెలుగుతూనే ఉంది. ఈ కేబుల్ లోపల రెండు ప్లగ్గుల 5 వోల్టుల తీగలూ కలిసిపోయి ఉంటాయి. కాబట్టి ఛార్జర్ నుంచి వచ్చే కరెంటు డిస్కుకే కాదు, పోర్టులోంచి వెనక్కి బోర్డులోకి కూడా పోతోంది. ఆ దారిలో బోర్డుకి రక్షణ లేదు. యూఎస్‌బీ నిబంధనల్లో ఈ రకం కేబుళ్ళకి అసలు ఒప్పుదలే లేదని తర్వాత తెలిసింది. తీసి పక్కన పెట్టాను.

ఖర్చు: కేబుల్ 230. మొత్తం 1,400. ఇందులో 230 వృథా.

దశ 3: సొంత కరెంటు ఉన్న హబ్ (మార్చి 2 నుంచి 23)

నాలుగు పోర్టుల హబ్ (ఒక యూఎస్‌బీ పోర్టుని నాలుగు చేసే పెట్టె), దానితో 5 వోల్టులు 2 ఆంపియర్ల అడాప్టర్, 1,380 రూపాయలు. కాగితం మీద లెక్క సరిపోతుంది: 0.93కి 0.88 కలిపితే 1.81, రెండుకి లోపే.

మొదటి పని, వెనక్కి పోయే కరెంటు పరీక్ష. ఏ హబ్ కొన్నా ఇది చేయండి:
1. హబ్ అడాప్టర్ ఆన్ చేయండి.
2. హబ్‌ని బోర్డుకి తగిలించండి.
3. బోర్డు అడాప్టర్ పీకేయండి.
4. బోర్డు మీద ఏ లైటన్నా వెలిగితే హబ్ వెనక్కి కరెంటు తోస్తున్నట్టే.

నాది తోసింది. హబ్ నుంచి బోర్డుకి వచ్చే ప్లగ్గులో ముందువైపు ఉండే నాలుగు కాంటాక్టుల్లో ఒక చివరది 5 వోల్టులు, ఇంకో చివరది గ్రౌండు. వేడికి తట్టుకునే పసుపు టేపు, సన్నటి ముక్క కోసి 5 వోల్టుల కాంటాక్టు మీద అంటించాలి. బొమ్మ చూసి కుడిఎడమలు తిరగేసుకుని మొదట గ్రౌండు మీద అంటించాను. లైటు అలాగే వెలిగింది, ఎందుకంటే ప్లగ్గు బయటి రేకు కూడా గ్రౌండే. బొమ్మని నమ్మడం మానేసి, హబ్‌కి కరెంటు ఇచ్చి మీటరుతో ఏ కాంటాక్టు మీద 5 వోల్టులు ఉందో చూసి అంటించాక లైటు ఆరింది. డేటా మామూలుగానే వెళ్తోంది. కొన్ని హబ్‌లు బోర్డు వైపు నుంచి 5 వోల్టులు కనిపించకపోతే మేలుకోవు, నాది మేలుకుంది.

రెండు వారాలు బాగా నడిచింది. మార్చి 17 సాయంత్రం కరెంటు పోయి వచ్చింది. అటు నుంచి మళ్ళీ టిక్ టిక్.

ఒక్కొక్క డిస్కునే పెట్టినప్పుడు ఏ సమస్యా లేదు, కరెంటు తిరిగి వచ్చినప్పుడు మాత్రం రెండూ ఒకేసారి లేస్తాయి. 1.81 ఆంపియర్లు అడిగేది ఆ రెండు మూడు సెకన్లే. యూఎస్‌బీ మీటరు అంకె నిదానంగా మారుతుంది, ఆ క్షణంలో పడిన లోతు అందులో కనపడదు. పైగా మీటరు కూడా తన వంతు కొంచెం వోల్టేజీ తింటుంది. నా దాంట్లో 0.05 దాకా పోతోంది. అందుకని దాన్ని తీసేసి, మల్టీమీటర్‌ని మిన్-మాక్స్‌లో పెట్టి, అతి తక్కువ విలువ పట్టుకున్నాను. చిన్న డిస్కు డబ్బా విప్పి, లోపలి బోర్డు మీద 5 వోల్టులు వచ్చే చోట రెండు సన్నటి తీగలు అతికించి బయటికి తీశాను. డిస్కు అందుకునేది అక్కడి వోల్టేజీనే, ఎక్కడో అడాప్టర్ దగ్గరిది కాదు.

రెండు డిస్కులూ ఒకేసారి లేచేటప్పుడు, అతి తక్కువ విలువలు:
1. అడాప్టర్ బయటికి వచ్చే చోట 5.10
2. హబ్ జాక్ దగ్గర 4.72
3. హబ్ పోర్టు దగ్గర 4.63
4. డిస్కు బోర్డు మీద 4.42

దారిలోనే 0.68 వోల్టు పోయింది. అడాప్టర్ తప్పేమీ లేదు, అది చెప్పిన మాట మీదే నిలబడింది. దాని సన్నటి వైరు 1.2 మీటర్లు, రానూపోనూ 2.4 మీటర్లు. 0.38 వోల్టుని 1.81తో భాగిస్తే 0.21 ఓమ్. 24 గేజి రాగి తీగకి మీటరుకి 0.084 ఓమ్ చొప్పున 2.4 మీటర్లకి 0.20. లెక్కకి లెక్క సరిపోయింది. డిస్కుతో వచ్చిన అరమీటరు యూఎస్‌బీ కేబుల్‌లో ఇంకా సన్నటి తీగ ఉంది, 28 గేజిది. మీటరుకి 0.21 ఓమ్. అందులో 0.21 వోల్టు పోయింది, అందుకే 30 సెంటీమీటర్ల పొట్టి, లావు కేబుళ్ళు కొన్నాను.

5 వోల్టులకి 5 శాతం తగ్గిస్తే 4.75. నా గీత అక్కడ గీసుకున్నాను: రెండూ ఒకేసారి లేచినా డిస్కు బోర్డు మీద 4.75 కిందికి రాకూడదు. ఇక్కడి నుంచి కింద చేసిన ప్రతి మార్పునీ ఈ ఒక్క అంకెతోనే కొలిచాను.

డిస్కు తన ఆరోగ్యం గురించి రాసుకునే స్మార్ట్ పట్టికలో 192వ వరుస, కరెంటు ఉన్నట్టుండి పోయి ముల్లు అత్యవసరంగా పక్కకి వెళ్ళిన లెక్క. చిన్న డిస్కుది ఫిబ్రవరిలో 41. మార్చి 23 నాటికి 58. ఫోటోలు మోయాల్సిన డిస్కుని నేనే అలా పదిహేడుసార్లు పడేశానని చూసి చాలా బాధేసింది. ఆ రోజే రెండు డిస్కులూ తీసేసి, పరీక్షలకి ఇంట్లో మూలన ఉన్న పాత 500 జీబీ డిస్కుల జత పెట్టాను. వాటి కరెంటు కొలిస్తే ఇంచుమించు అంతే. ఈ పని మొదటి రోజే చేయాల్సింది. మీరు మాత్రం పోయినా పర్వాలేదనుకునే డిస్కుతోనే పరీక్షించండి.

ఖర్చు: హబ్ 1,380, పొట్టి, లావు కేబుళ్ళు రెండు (30 సెంటీమీటర్లు) 380. మొత్తం 3,160.

దశ 4: పెద్ద ఎస్‌ఎంపీఎస్, పొడుగు వైరు (మార్చి 30 నుంచి ఏప్రిల్ 13)

గవర్నర్‌పేటలో 5 వోల్టులు 10 ఆంపియర్ల ఎస్‌ఎంపీఎస్ (230 వోల్టుల్ని 5 వోల్టులుగా మార్చే డబ్బా) 640కి దొరికింది. డెకరేషన్ వాళ్ళు రంగులు మారే పిక్సెల్ లైట్లకి వాడే రకం, చిల్లుల రేకు డబ్బా, పక్కన స్క్రూలు. ఆటోనగర్‌లో లారీ వైరింగ్ సామాన్లు అమ్మే చోట బ్లేడు ఫ్యూజులు, హోల్డర్లు తీసుకున్నాను. ఒక స్క్వేర్ ఎంఎం రాగి వైరు, ఎరుపు, నలుపు, మూడేసి మీటర్లు.

అటక మీద ప్లగ్ పాయింటు లేదు. అందుకని ఎస్‌ఎంపీఎస్‌ని కింద ఇన్వర్టర్ పక్కన పెట్టి, 5 వోల్టులని మూడు మీటర్లు పైకి లాగాను. ఈ దశలో నా తప్పంతా ఇదే. 10 ఆంపియర్లు ఉంది కదా అన్న ధైర్యంతో వైరు లెక్క వేయలేదు.

ఎస్‌ఎంపీఎస్ దగ్గర 5.10 పెడితే, రెండు డిస్కులూ లేచేటప్పుడు:
1. హబ్ దగ్గర 4.87
2. హబ్ పోర్టు దగ్గర 4.78
3. డిస్కు బోర్డు మీద 4.68

4.42 నుంచి 4.68కి వచ్చింది, గీత మాత్రం దాటలేదు. ఎస్‌ఎంపీఎస్ మీద చిన్న స్క్రూ తిప్పితే వోల్టేజీ పెరుగుతుంది. 5.35కి పెంచాను. లేచేటప్పుడు 4.93 వచ్చింది, చాలా బాగుంది అనుకున్నాను. మర్నాడు డిస్కులు ఖాళీగా ఉన్నప్పుడు హబ్ దగ్గర కొలిస్తే 5.28. లోడు తగ్గితే వైరులో పోయేది కూడా తగ్గుతుంది, పెంచినదంతా నేరుగా డిస్కు మీద పడుతుంది. పై గీత 5.25 కూడా దాటేశాను. వెంటనే వెనక్కి తిప్పాను. పొడుగు వైరుకి వోల్టేజీ పెంచడం మందు కాదు.

దారి చూపించింది మా వీధిలో డెకరేషన్ లైట్లు కట్టే అన్న. దసరాకి, పెళ్ళిళ్ళకి పిక్సెల్ లైట్లు వేయడం ఆయన పని. వైరు చూసి ఒక్కమాట అడిగాడు: "తమ్ముడూ, తెల్ల రంగు పెడితే లైను చివర్లో లైట్లు ఎర్రబడటం చూశావా ఎప్పుడన్నా?" చూశాను, ఎందుకో మాత్రం ఆలోచించలేదు. చివరికి వచ్చేసరికి వోల్టేజీ తగ్గుతుంది, నీలం ముందు నీరసిస్తుంది, తర్వాత ఆకుపచ్చ, ఎరుపు చివరిదాకా ఉంటుంది. "మేం ఐదు వోల్టుల్ని నడిపించం. టూథర్టీనే ఎక్కడికక్కడ తీసుకెళ్ళి, పక్కనే ఐదు చేస్తాం. నువ్వు కూడా డబ్బా పైకెక్కించు" అన్నాడు.

అదే 9 వాట్లని (5 వోల్టులు, 1.81 ఆంపియర్లు) 230 వోల్టుల మీద పంపితే వైరులో పారేది ఆంపియర్‌లో ఇరవయ్యో వంతు దాకానే. మూడు మీటర్లలో అది చేసే నష్టం లెక్కలోకే రాదు. నెల రోజులు నేను ల్యాప్‌టాప్‌లో వెతికినది ఆయన రెండు మాటల్లో చెప్పేశాడు, ఆయనకి చాలా రుణపడ్డాను.

ఖర్చు: ఎస్‌ఎంపీఎస్ 640, వైరు 150, ఫ్యూజులు, హోల్డర్లు 90, లగ్గులు, హీట్ ష్రింక్ ట్యూబు 60. మొత్తం 4,100.

దశ 5: డబ్బా పైకి (ఏప్రిల్ 19, 20)

ఈ దశలో 230 వోల్టులతో పని ఉంది. స్క్రూల పక్కన వేలు తగిలితే ప్రాణం మీదికి వస్తుంది. అటకకి కొత్త పాయింటు నేను లాగలేదు, ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి ఎర్తుతో సహా వేయించాను. ఆయన కూలి ఈ లెక్కలో కలపలేదు, ఎలాగూ ఇంటికి కావాల్సిన పాయింటే.

1. త్రీపిన్ ప్లగ్గు, మూడు తీగల వైరు. ఎర్తు తీగ ఎస్‌ఎంపీఎస్ రేకు డబ్బాకి తప్పకుండా బిగించాలి. రేకుకీ ప్లగ్గు ఎర్తు పిన్నుకీ మధ్య మీటరుతో కంటిన్యుటీ (దారి తెగకుండా కలిసి ఉందా అని) చూశాక కానీ ప్లగ్గు పెట్టలేదు.
2. తీగ చివరలకి లగ్గులు. ఉత్త పోగులు మెలేసి స్క్రూ కింద పెడితే ఒక్క పోగు పక్కకి జరిగినా షార్టే.
3. 5 వోల్టుల ఎర్ర తీగలో, ఎస్‌ఎంపీఎస్‌కి దగ్గరగా, 3 ఆంపియర్ల ఫ్యూజు. పది ఆంపియర్లు ఇవ్వగల డబ్బా షార్టు మీద కూడా ఆ పదీ ఇస్తుంది, హబ్ కాలిపోతుంది.
4. హబ్ గుండ్రటి జాక్‌ని వదిలేసి, 25 సెంటీమీటర్ల ఒక స్క్వేర్ ఎంఎం తీగల్ని జాక్ కాళ్ళ దగ్గరే హబ్ బోర్డుకి సోల్డర్ చేశాను.
5. డిస్కులు తగిలించకుండా ముందు వోల్టేజీ 5.12కి సరిచేశాను.

రాస్ప్‌బెర్రీ బోర్డుని మాత్రం దాని సొంత అడాప్టర్ మీదే ఉంచాను. అంతా ఒకే డబ్బా మీద పెడితే చూడ్డానికి బాగుంటుంది, కానీ డిస్కు వైపు ఫ్యూజు పోయిన రోజు ఏం జరిగిందో రాసుకోవడానికి బోర్డు బతికి ఉండాలి. ప్లగ్గు మీది టేపు అలాగే ఉంది.

రెండూ ఒకేసారి లేచేటప్పుడు:
1. ఎస్‌ఎంపీఎస్ దగ్గర 5.12
2. హబ్ దగ్గర 5.09
3. హబ్ పోర్టు దగ్గర 5.01
4. డిస్కు బోర్డు మీద 4.91

లోడు లేనప్పుడు ఎక్కడా 5.12 దాటలేదు. ఇరవైసార్లు ఆపి వేశాను, ఇరవైసార్లూ రెండూ లేచాయి. ఏప్రిల్ 20 రాత్రి అసలు డిస్కులు తిరిగి పెట్టాను.

డబ్బా చిల్లులకి సన్నటి ఉక్కు జాలీ కట్టాను. మా అటక మీద బల్లులు నిజంగానే ఉన్నాయి. ఎస్‌ఎంపీఎస్ వెచ్చదనానికి లోపలికి దూరి షార్టు చేస్తాయి. జాలీ ముక్క లోపల రాలకుండా అంచులు మడిచి బయటివైపు బిగించండి.

ఖర్చు: మూడు తీగల వైరు, ప్లగ్గు 210, జాలీ 40, ప్లాస్టిక్ పెట్టె 260. మొత్తం 4,610.

దశ 6: వోల్టేజీ బాగున్నా డిస్కు పడిపోవడం (ఏప్రిల్ 24 నుంచి మే 1)

రాత్రిళ్ళు పెద్దదాని నుంచి చిన్నదానికి కాపీ నడుస్తుంది. మూడో రాత్రి ఆగిపోయింది. మళ్ళీ కరెంటే అనుకుని డబ్బా విప్పబోయాను. ముందు మిన్-మాక్స్ చూస్తే రాత్రంతా అతి తక్కువ 4.93. అంటే ఇది కరెంటు సమస్య కాదు. బోర్డు తనంతట తాను రాసుకునే కెర్నెల్ లాగ్‌లో యూఏఎస్ పేరుతో అబార్ట్ వరుసలు, తర్వాత రీసెట్. డిస్కు డబ్బాలోని సాటా-యూఎస్‌బీ చిప్పుకీ, యూఏఎస్ అనే వేగమైన పద్ధతికీ పొసగడం లేదు.

ఎల్ఎస్‌యూఎస్‌బీ అనే కమాండుతో ఆ చిప్పు నంబరు జత చూసి, బూట్ కమాండ్‌లైన్ ఫైల్లో ఉన్న ఒకే ఒక వరుస చివర, కొత్త వరుస మొదలుపెట్టకుండా, యూఎస్‌బీ-స్టోరేజ్ క్విర్క్స్ కింద ఆ నంబరు పక్కన యూ అక్షరం పెట్టి రాశాను. వేగం సెకనుకి 108 ఎంబీ నుంచి 96కి తగ్గింది. ఆ తర్వాత మళ్ళీ ఒక్కసారి కూడా ఆగలేదు. పన్నెండు ఎంబీలు పోతే పోయాయి.

ఇదే వారంలో ఇంకో దెబ్బ. డిస్కు మౌంట్ కాకుండానే (తన ఫోల్డర్‌కి తగులుకోకుండానే) రాత్రి కాపీ మొదలై, ఖాళీ ఫోల్డర్‌లోకి, అంటే బోర్డు మెమరీ కార్డులోకే రాసుకుంటూ పోయి, 32 జీబీ కార్డు నింపేసింది. ఇప్పుడు స్క్రిప్టు మొదటి పని మౌంట్‌పాయింట్ ఉందో లేదో చూడటం, లేకపోతే అక్కడే ఆగిపోవడం. డిస్కుల జాబితా ఉండే ఎఫ్‌స్టాబ్ ఫైల్లో వాటిని యూయూఐడీతో (డిస్కుకి మారని గుర్తింపు సంఖ్య) రాసి నోఫెయిల్ చేర్చాను. లేచే వరుస మారితే పేర్లు తారుమారవుతాయి. నోఫెయిల్ లేకపోతే ఒక్క డిస్కు లేవని రోజు బోర్డే లేవదు.

దశ 7: ఇన్వర్టర్ మారే క్షణం (మే 3 నుంచి 18)

వేసవి మొదలైంది, కరెంటు పోతూ వస్తూ ఉంది. ఇన్వర్టర్ మీదికి మారే ఆ రెప్పపాటులో ఫ్యాను ఆగదు, డిస్కులు మాత్రం అప్పుడప్పుడు రీసెట్ అవుతున్నాయి. మెయిన్ స్విచ్ పదిసార్లు ఆపి చూశాను. మూడుసార్లు రీసెట్.

హబ్ దగ్గర 4,700 మైక్రోఫారడ్ కెపాసిటర్ (కాస్త కరెంటు నిలవచేసుకునేది) 45 రూపాయలకి తెచ్చి పెట్టాను. మళ్ళీ పదికి మూడు. తర్వాత కానీ లెక్క వేయలేదు: 2 ఆంపియర్ల లోడుకి 0.3 వోల్టు పడేదాకా ఇది నిలబెట్టేది 0.7 మిల్లీసెకండు. 20 మిల్లీసెకండ్లు నిలబెట్టాలంటే 1,33,000 మైక్రోఫారడ్ కావాలి. తీసేశాను. అంత పెద్దది పెడితే ఆన్ చేసిన క్షణంలో అది లాగే కరెంటుకి ఫ్యూజు పోతుందని భయం.

ఆఖరికి మందు ఇన్వర్టర్ వెనకే ఉంది. చిన్న స్విచ్, ఒకవైపు నార్మల్, ఇంకోవైపు యూపీఎస్. నార్మల్‌లో మారడానికి ఎక్కువ సమయం తీసుకుంటుంది, ఫ్యాన్లకీ లైట్లకీ అది చాలు. యూపీఎస్ వైపు పెట్టాక పదికి సున్నా. ఇంకో ఇరవైసార్లు చేశాను, సున్నా. దీనికో నష్టం ఉంది: ఆ వైపు పెడితే మెయిన్ వోల్టేజీ కాస్త తగ్గినా ఇన్వర్టర్ బ్యాటరీ మీదికి వెళ్ళిపోతుంది. లో-వోల్టేజీ ఉండే వీధుల్లో బ్యాటరీ మాటిమాటికీ ఖర్చవుతుంది, సాయంత్రం వేళ ఓసారి గమనించుకోండి.

192వ వరుస: దశ 5కి ముందు 58, మే 3 నాటికి 67, మే 18న 68. ఆ చివరి ఒక్కటీ నేను కెపాసిటర్ తీసేటప్పుడు హడావుడిలో వైరు లాగేసింది.

ఖర్చు: కెపాసిటర్ 45 (వృథా). మొత్తం 4,655.

దశ 8: అటక వేడి (మే 20 నుంచి జూన్ 8)

నీళ్ళకి అందని చోటే ఇంట్లో అన్నిటికన్నా వేడి చోటు. స్లాబు కింద మధ్యాహ్నం మూడింటికి 41 డిగ్రీలు. కాపీ నడుస్తుంటే పెద్ద డిస్కు 56 డిగ్రీలకి వెళ్ళింది. దాని హద్దు 60.

1. కాపీని తెల్లవారుజాము నాలుగింటికి మార్చాను. 56 నుంచి 49.
2. డిస్కుల్ని ఒకదాని మీద ఒకటి కాకుండా, మధ్య రెండంగుళాలు వదిలి నిలబెట్టాను. 47.
3. 5 వోల్టుల చిన్న ఫ్యాను, 0.15 ఆంపియర్లు, హబ్ నుంచి కాకుండా ఎస్‌ఎంపీఎస్ నుంచి విడిగా, తన సొంత ఫ్యూజుతో. 43.

రెండో పనికి పైసా ఖర్చు లేదు. ఇరవై నిమిషాల తర్వాత తిరగడం ఆపమని కూడా పెట్టి చూశాను. కానీ బోర్డు ఏదో ఒక ఫైలు తాకుతూనే ఉంది, రోజుకి ముప్పైసార్లు ఆగి లేచాయి. లేచేటప్పుడే కదా డిస్కుకీ వైరుకీ కష్టం. తీసేశాను. ఇప్పుడు రోజంతా తిరుగుతూనే ఉంటాయి.

ఖర్చు: ఫ్యాను 110. మొత్తం 4,765. ఇందులో పనికిరానివి: రెండు తలల కేబుల్ 230, కెపాసిటర్ 45, పైకి లాగి తీసేసిన వైరులో మిగిలిన ఐదున్నర మీటర్లు. హబ్‌తో వచ్చిన అడాప్టర్ కూడా ఖాళీగా ఉంది.

జూన్ 22

డిస్కు బోర్డు మీద అతి తక్కువ 4.90, నెల రోజుల్లో. గెట్-థ్రాటిల్డ్ సున్నా. 192వ వరుస 68 దగ్గరే. రెండు కాపీల చెక్‌సమ్‌లు (ఫైలు మారలేదని చూపే అంకెలు) 1,140కి 1,140 సరిపోయాయి.

మూడో కాపీ గుంటూరులో అక్కవాళ్ళింట్లో పెట్టబోతున్నాను. ఒక బోర్డు, ఒకే డిస్కు, కాబట్టి హబ్ అక్కర్లేదు. 1.2 ఆంపియర్ల లోపే అయిపోతుంది. కేబుల్ మాత్రం ఇప్పుడే కోసి 30 సెంటీమీటర్లకి తగ్గించాను. అమ్మ తన పెళ్ళిఫోటో ఒకటి, సగం రంగు కరిగిపోయినది, ప్రింటు తీయించి ఆ డిస్కుతో పాటు పంపమంది. అక్కడి ఇన్వర్టర్‌కి వెనక ఆ స్విచ్ లేదు. వచ్చే ఆదివారం మల్టీమీటర్ తీసుకుని వెళ్తున్నాను, అక్కడ మెయిన్ పదిసార్లు ఆపి చూసి, ఎన్నిసార్లు పడిందో కింద చేరుస్తాను.